చెవి

అందరూ గైడ్ వెంట నడుస్తున్నారు.
ఆ కుర్రాడు మాకేసి చూస్తూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ,
మెట్ల దగ్గర కూడా తడబడకుండా
పదిమందికి ఒక ప్రొఫెసర్ అంటున్నాడు.
నేను గుంపులోంచి జారుకుని
కిటికీ కింద రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను.

ఇరవయ్యారేళ్లుగా హిబ్బింగ్‌లో బాయిలర్లు బాగుచేస్తున్నాను.
మనుషులు చెప్పేది సగమే నమ్ముతాను,
గొట్టాలు చెప్పేది మొత్తం.

ఈ మార్చిలో ఐదు కాలేజీలు చూశాం, అన్నీ చిన్నవే.
మార్లిస్ ఒళ్లో ఆకుపచ్చ నోటుబుక్కు:
ఫీజు, గది, తిండి, వచ్చిపోయే పెట్రోలు,
వాళ్లెంతిస్తారు, మనకెంత మిగుల్తుంది.
ఒక ఉత్తరంలో అప్పుని కూడా అవార్డుల్లో కలిపేశారు.
"అప్పిచ్చి సన్మానం కూడా చేస్తారన్నమాట"
అంది పెన్సిల్ చెక్కుతూ.

రెండోది అయోవాలో.
బ్రోషర్ నిండా ఎర్రగా మండే చెట్లు,
మేం వెళ్లేసరికి మంచు బురద.
కొత్త జిమ్‌కి గోడంత అద్దాలు.
నేలమాళిగలో మాత్రం
తుప్పు పట్టిన పైపు కింద ఐస్‌క్రీమ్ బకెట్.
చుక్క. కాసేపాగి, చుక్క.
పైన పటారం.

నిరుడు మా పక్క కౌంటీలో ఇలాంటి కాలేజీనే
ఏప్రిల్‌లో మూసేశారు.
దాని బాయిలర్ వేలానికొస్తే విప్పింది నేనే.
ఇనుముకి కిలో లెక్కన ధర కట్టారు.
పిల్లల సగం చదువుని ఎక్కడ తూస్తారు?

నాలుగోది విస్కాన్సిన్‌లో.
కట్టడాలు పాతవి, పేరు ఎవరూ వినలేదు,
కానీ ప్రతి వాల్వుకీ ఒక ఇత్తడి బిళ్ల,
దాని మీద ఎవరిదో పొందికైన చేతిరాత.
"ఇదే" అన్నాను కారెక్కుతూ.
నోటుబుక్కు కూడా అదే అంది,
ఏడాదికి ఆరువేల రెండొందల డాలర్లు తక్కువ.
వెనక సీట్లో కైసా మాట్లాడలేదు.

సుపీరియర్ వంతెన దాటాక అప్పుడంది:
"ఆ బకెట్ ఉన్న కాలేజీలో
నన్ను రాళ్ల క్లాసులో కూర్చోనిచ్చారు. తొమ్మిదిమందే.
ఆవిడ ఒక ఎర్రరాయి నా చేతిలో పెట్టి
ఏం కనిపిస్తోందంది.
తెలీదన్నాను.
ఆవిడ ఆగింది, నాన్నా.
పక్కవాళ్లని అడగలేదు. గడియారం చూడలేదు.
ఊరికే ఆగింది.
చాలాసేపటికి, మా ఊరు, అన్నాను."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.
నాకు తెలిసిన పనే అది.
రేడియేటర్‌లో గాలి చేరితే
చిన్న ఇత్తడి చెవి తిప్పి, పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి.
ముందు బుస్సుమంటుంది.
తొందరపడి బిగించేస్తే
సగం గది చలిలోనే ఉండిపోతుంది.
నీళ్లొచ్చేదాకా కూర్చోవాలి.
పన్నెండేళ్ల బడిలో ఈ పిల్ల పక్కన
ఎవరూ అలా కూర్చోలేదేమో.
నేను కూర్చున్నానా?
రోడ్డు జారుతోంది, ఇప్పుడు కాదు ఆ ప్రశ్న.

నోటుబుక్కు మూడు రాత్రులు బల్ల మీద తెరిచే ఉంది.
మార్లిస్ ఆరువేల రెండొందల్ని నాలుగుతో హెచ్చవేసి,
కింద గీత గీసి,
తప్పు పోయిందేమోనని మళ్లీ హెచ్చవేసింది.
తప్పు పోలేదు.
పడవ అమ్మేద్దామన్నాను.
మోటారు లేని పడవ ఎవడు కొంటాడంది.
ఆఖరి రోజు రాత్రి, పదకొండు దాటాక,
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా
అయోవాకే డిపాజిట్ కట్టాం.

ఆగస్టులో దింపడానికి వెళ్లాం.
వాళ్లమ్మ పరుపు మీద దుప్పటి సర్దుతుంటే
కైసా పెన్నుల డబ్బాలో
ఒక ఇత్తడి చెవి వేశాను, చెప్పకుండా.
తర్వాత నేలమాళిగలోకి దిగాను.

బకెట్ అక్కడే ఉంది.
ఎవరో దాన్ని ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి,
మళ్లీ అదే చుక్క కింద పెట్టారు.