కాటా

తెల్లవారి అయిదింటికే
కరెంటు స్తంభం మీది మైకు
ఎర్రనది గట్టు కింది వీధుల పేర్లు చదివింది.
మూడోది మాది.

ఖుయెన్ అత్త దొడ్లో పందులు ఏడు.
జ్వరం ఒక్కదానికే.
ఆర్డరు ఏడింటికీ.

కిలోకింత అని సర్కారు ఇస్తుంది,
అందుకే చంపాక తూచాలి.
నలుగురు కాటా మీదికి ఈడుస్తుంటే
నేను బరువులు రాశాను.
ఆమె సున్నం బస్తా మీద కూర్చుని
తన లెక్క తను పైకే చెప్పుకుంది:
ఇది లుయెన్ బడి ఫీజు,
ఇది దాణా కొట్టు బాకీ,
ఆ చెవి తెగినది వంటింటి మీద రేకులు.

చివర్న చూడిది.
నాలుగు రోజులాగితే ఈనేది.
"లోపలివి ఎక్కడ రాస్తావురా?" అంది.
గడి లేదన్నాను.

ముల్లు నూట తొంభై దాటి
కాసేపు ఊగి ఆగింది.
కాగితం ఒప్పుకోని పిల్లల్ని
కాటా ఒప్పుకుంది.
ఉన్నదున్నట్టు రాసేశాను.

గొయ్యి పూడ్చి వారమైంది.
ఇవాళ అటు వెళ్తే
బియ్యం కడిగిన నీళ్లు కుడితి కుండలో పోస్తోంది.
ఎవరికత్తా, అన్నాను.
చెయ్యి ఆగింది.
కుండ అప్పటికే అంచుదాకా ఉంది,
పులిసి, నురగ కట్టి.