గోడకి రాని అక్షరం

రెండేళ్ళ పదకొండు నెలలు
నేను ఆయన ముఖం చూడలేదు.
కమాండర్ ఆర్లిన్ థాక్స్‌టన్ అంటే నాకు
ఒక వేలి కణుపు,
అవతలి వైపు సున్నం రాలే చప్పుడు.

గోడలకు చెవులుంటాయంటారు.
హనోయ్‌లో మా గోడకి నోరు కూడా ఉండేది.
అడ్డం ఐదు, నిలువు ఐదు.
గళ్ళలో అక్షరాల్ని కూర్చోబెట్టి
ముందు వరస, తర్వాత స్థానం
తట్టుకుంటూ పోవడమే.
ఇరవయ్యైదు గళ్ళలో ఇరవయ్యారు పట్టవు గదా,
'కే'ని బయట నిలబెట్టాం.
దాని పని కూడా 'సీ' చేసేది.

మొదటి రాత్రి ఆయన నా ర్యాంకు అడగలేదు.
"తిన్నావా?"
అంతే.

గుమ్మడికాయ నీళ్ళు ఆరు నెలలు,
ఆకుల నీళ్ళు ఆరు నెలలు.
ఆ మధ్యలో నాకు
ఊగే ఓడ మీద చీకట్లో దిగడం నేర్పాడు,
నాకొచ్చిన విద్యే, మళ్ళీ మొదట్నుంచి.
"దీపం వంక చూడు. ఓడ వంక చూడకు.
ఓడ అబద్ధమాడుతుంది."
ఒక్క అక్షరం తప్పితే
మాటంతా మళ్ళీ తట్టించేవాడు.
ఆ పంతులుతనానికి ఒళ్ళు మండి
ఒకసారి నాలుగు రోజులు పలకలేదు నేను.
రోజూ పొద్దున్నే రెండు దెబ్బలు తట్టి
ఊరుకునేవాడు.

మా విమానాలొచ్చిన ఒక రాత్రి
కాపలాదారు తోయాన్ ఇల్లు కూలింది.
తెల్లారి చారు గిన్నె తెచ్చింది అతనే,
జుట్టు నిండా దుమ్ముతో.
"ఇవాళ అతన్నెవరూ తిట్టకండి"
ఇరవై ఒక్క గదులకీ వెళ్ళింది ఆజ్ఞ.

ఇంకో ఆజ్ఞ అంతకు ముందే ఉంది:
ఓర్చుకోగలిగినంత ఓర్చుకోండి.
ఓర్వలేకపోతే వచ్చి గోడకి చెప్పండి.
సిగ్గుని ఒక్కరే మొయ్యకూడదు.

వానాకాలంలో ఆయన్ని తీసుకెళ్ళారు.
పన్నెండో రాత్రి
ఏదో ఈడ్చి పడేసిన చప్పుడు.
ఎప్పుడూ భుజం ఎత్తులో వచ్చే మాట
ఆ రాత్రి నేల దగ్గర్నుంచి వచ్చింది.
మడమతో తడుతున్నాడు.
చేతుల సంగతి నేనడగలేదు.

ఒకటి, రెండు. నాలుగు, రెండు.
మూడు, నాలుగు.
ఒకటి, మూడు.
చాలాసేపటికి: ఒకటి, ఐదు.

విరిగాను.

ఇంగ్లీషులో ఆ మాటకి 'కే' కావాలి.
మా గోడకి ఆ అక్షరం రాదు.
'సీ'తో గడుపుకున్న ఆ మాట
ఏ మాటా కాకుండా
మా ఇద్దరి మధ్య ఇటుకలో ఉండిపోయింది.

"సంతకం పెట్టాను. అందరికీ చెప్పు."

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు.
పెద్దవాణ్ణి ఓదార్చడం ఎవరూ నేర్పలేదు.
ఏం తట్టాలో తెలీక తట్టాను:
"అక్షరం తప్పు, సార్. మళ్ళీ తట్టండి."

అటు నుంచి ఒక చప్పుడు.
నవ్వో, దగ్గో,
ఇప్పటికీ చెప్పలేను.

గది నుంచి గదికి కబురు పోయింది.
తెల్లవారుజామున తిరుగు టపా మొదలైంది:
నేనూ.
నేనూ.
బావి పక్క గది నుంచి, ఎన్నడూ పలకని కుర్రాడు,
నేనూ.

విడుదల రోజు విమానాశ్రయంలో
పొడుగాటి మనిషి కోసం వెతుకుతున్నాను.
వరసలో నా ముందు
చెవులు పెద్దవైన ఒక పొట్టి మనిషి.
వెనక్కి తిరక్కుండానే
చంకలో సంచి మీద
వంకర పోయిన వేలితో అడిగాడు:
"తిన్నావా?"

మాట్లాడొచ్చు ఇక, ఎవరూ కొట్టరు.
గొంతు రాలేదు.
ఆయన వీపు మీద తట్టాను.