నట్టు

ఆదివారం అయిదింటికే వస్త నేను
మంచిర్యాల గోదారి ఒడ్డుకు,
రైలు బ్రిడ్జి నీడ ఇంకా నీళ్లల్ల పడకముందే.
ఒక చేతిల గాలం కట్టె, ఒక చేతిల రెండు యూరియా సంచులు.
ఒకటి చేపలకు.
ఒకటి మీకు.

మీకంటే, పేరు వెట్టి చెప్పను,
తానం చేసి తడి చీరె అక్కడ్నే విడిచిపోయిన మీకు,
అద్దం పగిలిన దేవుని పటాన్ని
ఇంట్ల ఉంచుకోను భయం, చెత్తబండిల వేయను భయం,
రాళ్ల సందుల నిలవెట్టి పోయిన మీకు.
ఆ గాజుపెంకు నా మడిమెల ఆరు నెలలున్నది.

ఇరవైతొమ్మిదేండ్లు బాయిల పని చేసిన.
చీకట్ల చూపు కంటె చెయ్యి ముందు నడుస్తది.
అందుకే తంగూసు గుంజంగనే చెప్త
పడ్డది రవ్వనా, జెల్లనా, పాల ప్యాకెట్టా.
జెల్ల పెనుగులాడుతది.
రవ్వ ఒక్క ఊపు ఊపి ఆలోచిస్తది.
పాత చీరె మాత్రం ఎవలో పెద్దమనిషి ఎదురొచ్చినట్టు
బరువుగ, మెల్లగ, నీళ్లు కారుకుంట వస్తది.
ఒకసారి ఆశపడి ఓదెలును కేకేసిన
“వల తేరా, ఐదు కిలోలుంటది” అని.
కొంగుకు ముడేసిన పసుపుకొమ్ము సుత వచ్చింది.
ఓదెలు ఇప్పటికీ అడుగుతడు, కూర ఎట్లున్నదని.

ఎనిమిదయితే ఒడ్డంత జాతర.
ఆటోలు కడిగేటోళ్లు, పిండాలు పెట్టేటోళ్లు,
పెండ్లి ఫోటోలకు మోకాలిలోతుల నిలవడ్డ జంట.
నా గాలం వాళ్ల ఫోటోల పడొద్దని కెమెరా ఆయన చెయ్యి ఊపుతడు.
జరుగుత. మళ్ల జరుగుత.
దొప్పల దీపాలమ్మే దేవవ్వ అంటది,
“నీకెందుకయ్యా ఏరుడు, మున్సిపాలిటోళ్లు లేరా?”
ఉన్నరవ్వా. పుష్కరాలకొస్తరు.
నిండిన సంచి భుజాన వేసుకొని
రోడ్డు మీది డబ్బా దాక మోసుకపోతె
దానికి అడుగు లేదు.

అట్లని తిట్టుడు ఆపిన్నా?
ఏరుకుంట తిట్టిన, తిట్టుకుంట ఏరిన,
గుట్కా పొట్లానికి ఒక తిట్టు,
బీరు సీసకు రెండు.
పైన కాజీపేట ప్యాసింజరు పోతాంటె
కిటికీలకెల్లి ఒక రూపాయి పడ్డది, మొక్కు.
దాని వెనకనే చాయ్ గిలాస.
అదెవల మొక్కో.

ఆ రూపాయి కోసమే ఉంటడు ఒక పిల్లగాడు,
నడుముకు తాడు, తాడు కొసకు పాత స్పీకర్ అయస్కాంతం.
ఇసిరేస్తడు, ఈడుస్తడు, గీరి జేబుల వేసుకుంటడు.
ఇద్దరిదీ ఒకటే పని, అందుకే వాడంటే నాకిష్టం.
మొన్న ఉరికొచ్చిండు,
“తాతా, గిది పైస గాదు. నీదేనా?”

నట్టు.
సీసం గుండ్లు కొనలేక కాదు,
రిటైరైన నాడు సంచిల వడి ఇంటికొచ్చిన నట్లు,
బాయి యాదికి వాటినే బరువు కడుత నేను.
ముడి చూసిన. హాలేజీ తాడు ముడి,
ఈ ఒడ్డున ఇంకెవలకు రాదు.
ముడికెల్లి పచ్చ తంగూసు, బారెడు.
తంగూసు కొసకు
నీటికాకి కాలు.
కాలొక్కటే.

ఎండాకాలం అది. రాతికి తట్టుకుంటె
పండ్లతోని కొరికి తెంపి, ఇంకో నట్టు కట్టుకున్న.
ఆ నాడు చేపలు మంచిగనే పడ్డయి.

“పారేయన్నా?” అన్నడు పిల్లగాడు.
వద్దన్న. రెండు రూపాయలిచ్చిన.
“గిసొంటియి ఇంకా ఉన్నయి తాతా లోపట, తియ్యాల్నా?”
ఎన్నని అడగలె.
రెండు సంచులు ముందటేసుకొని కూసున్న,
ఇది దేంట్ల వడుతదో తెల్వలె.
అంగి జేబుల వేసుకున్న.

వెనక కట్టెకు కట్టిన గజ్జె మోగింది.
మంచి బరువే, కట్టె వంగుతాంది,
దేవవ్వ కేకేస్తనే ఉన్నది.
నేనింకా నడుము వంచి
రాళ్ల సందులు దేవులాడుతున్న,
పచ్చగ ఏదన్న మెరుస్తదేమోనని.