మూడొందల పదిహేడో మెంబరు

దేవరకొండ శాఖా గ్రంథాలయంల
చరిత్ర నవలలు అడుగు అరల ఉంటయి.
మీది అరల గ్రూప్ టూ గైడ్ల బరువుకు పలక వంగి
రాజులంతా ఒక్క దిక్కుకు ఒరిగి ఉంటరు.

డ్యూటీ దిగి, డిపోల క్యాష్ కట్టి,
ఖాకీ అంగీ మీదనే పోయి కూసుంట.
"మంచిది ఒకటియ్యిండ్రి సార్" అంటే
జహంగీర్ సారు అట్ట చూసి ఇస్తడు:
కత్తి ఉన్నది, కిరీటం ఉన్నది, కిటికీల రాణి ఉన్నది.
నలభై పేజీలకు నాకు నిద్రొస్తది.
అండ్ల అందరూ ఒక్క తీరుగనే మాట్లాడుతరు,
దండోరా వేసెటోడు సుత గ్రాంథికంలనే దగ్గుతడు.

ఒక మధ్యాహ్నం, ఒక మార్జిన్ల
దొరికిండు ఆయన.
పెన్సిలుతోని, చీమలంత అక్షరాలు:
"కిందటి పేజీల అమాస అన్నవు. ఈ వెన్నెల యాడిది?"
నవ్వు ఆగక బయటికొచ్చి నీళ్లు తాగిన.

ఇంకో దాంట్ల, రాజుగారి విందు కాడ:
"మిరపకాయ ఇంకా ఓడ దిగలేదు. మిరియం వెయ్యి."
ఇంకో దాంట్ల:
"చైత్రంల తంగేడు పూసిందట!
ఈ సారు మన దిక్కు ఎన్నడూ రాలేదు."
మరో దాంట్ల, రెండు గీతలు కొట్టి:
"రాత్రికి రాత్రి పానగల్లు నుంచి దేవరకొండకు గుర్రం.
నీళ్లెక్కడ తాగింది?"

నాది అదే రూటు.
కనగల్లు, గుర్రంపోడు, ఆడనే పోయిందేమో గుర్రం,
కొండమల్లేపల్లి.
ఎక్కెటోళ్లు, దిగెటోళ్లు, మేకపిల్ల టికెట్ కాడ లొల్లి,
బస్సుకే రెండు గంటల పైన.
ఆ రోజు నుంచి ప్రతి వాగు మీద తల బయటపెట్టి చూస్తున్న.
ఈడ తాగొచ్చు.
ఈడ కార్తీకంలయితే తాగొచ్చు.
ఈడ ఇసుకే.

ఇగ అట్టలు చూసుడు బంద్ చేసిన.
వెనక అంటించిన తారీఖుల కాయితంల
317 ఉన్నదా లేదా, అదే చూస్త.
ఆయన ఊకున్నవి ముట్ట.
కొట్లాడినవి తెచ్చుకుంట.
కొట్లాడాలన్నా కొంచెం పానం ఉండాలె గద పుస్తకంల.

ఎవరు సార్ ఈయన అంటే
జహంగీర్ సారు పాత రిజిస్టరు దులిపిండు.
పేరును చెదలు తిన్నయి. ఊరును తిన్నయి.
వృత్తి గడి ఒక్కటి మిగిలింది:
తూనికలు, కొలతల శాఖ.
అట్ల చెప్పు!
పగలంతా అంగళ్లల్ల రాళ్లు తూచి
రాత్రి రాజులను తక్కెట్ల వేసిండన్నమాట.

పోయిన ఆషాఢంల దొరికింది అది.
అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు.
పుస్తకం పేరు, రాసినోళ్ల పేరు వాటితోనే పోయినయి.
ఖిల్లాకు రాళ్లు మోసినోళ్ల కథ.
రాజు ఒక్కసారే వస్తడు, అదీ దూరంకెళ్లి, దుమ్ము తీరుగ.
అండ్ల ఒకామె, ఎర్రక్క,
గంప దించి, మట్టి తింటున్న బిడ్డ నోట్లె వేలు పెట్టి
ముద్ద తీస్తది.
తీసిన ముద్దను పారెయ్యది.
పోయి గోడకే మెత్తుతది,
గంపల లెక్క తక్కువొస్తదని.

ఆ పుస్తకం నిండ 317 ఒక్క ముక్క రాయలేదు.
వెన్నెల సరిపోయింది, గింజలు సరిపోయినయి,
గుర్రాలు నీళ్లు తాగినయి.
ఆ గోడ కాడ మాత్రం, మార్జిన్ల,
ఒక చుక్క.
పెన్సిలు ఆనించి, రాసుడు మరిచినంత లోతు చుక్క.
పేజీ తిప్పితే వెనక వేలికి తగుల్తది.

గడువు దాటి పందొమ్మిది దినాలు. ఫైన్ కడుత.
సారుకు చెప్పిన, ఇంకో వారం అని.

మొన్న మొదటి ట్రిప్పు, మల్లేపల్లి దాటినంక
ఖిల్లా కనపడ్డది.
ఎండ ఇంకా గోడ సగానికే ఎక్కింది.
నేను రాళ్లను చూస్తలేను,
రాళ్ల సందులల్ల మట్టిని చూస్తున్న.
ఎప్పుడు ఆపిండ్రో, ఎప్పుడు ఎక్కిండ్రో చెకింగోళ్లు.
ముగ్గురికి టికెట్ కొట్టలేదు.
"ఏం మేడం, ఏ లోకంల ఉన్నరు?"

మిషన్ చేతులనే ఉన్నది.
బటన్ మీద
బొటనవేలు ఆనే ఉన్నది.