తరుగు

మొంతెవిదేవో తిని, తాగి, విసిరేసినదంతా
చివరికొచ్చి నా కిటికీ ముందు ఒక్క నిమిషం ఆగుతుంది.
నా పేరు సుల్మా. కాటా గుమస్తాను.
లారీ ఎక్కగానే ఇనుప పలక ఓసారి మూలుగుతుంది,
అంకెలు కాసేపు తడబడి కుదురుకుంటాయి,
చీటీ చింపి ఇస్తాను.

వాసన సంగతి అడగొద్దు,
మొదటి వారమే ముక్కు నాతో రాజీపడింది.

పన్నెండేళ్ళుగా ఈ ఊరిని బరువుతోనే గుర్తుపడుతున్నాను.
చలికాలం సంచులు బరువు:
ప్రతి ఇంటి సంచి అడుగునా తడి ఆరని మాతే పిప్పి.
జనవరి ఏడున బండి నిండా పిల్లల బహుమతుల అట్టపెట్టెలు,
చూడ్డానికి కొండంత, తూకానికి దూదంత.
హోటళ్ళ బండి నీళ్ళు కార్చుకుంటూ వస్తుంది,
ఆ నీళ్ళకీ డబ్బులే.
పైపులు లేని వాడల్లో గుంతలు తోడే బరోమెత్రికా మాత్రం
నా దగ్గరికి రాదు, వంతెన దగ్గరే వేరే దారి పడుతుంది.
దాని డ్రైవరు చొక్కా ఎప్పుడూ మల్లెపువ్వే.

టన్నుకింత అని మునిసిపాలిటీ కడుతుంది,
టన్నుకింత అని కంపెనీ తీసుకుంటుంది.
చెత్తంటే ఎవరికీ గిట్టదు.
టన్నంటే అందరికీ ముద్దే.

పదిహేడో నంబరు బండి ఓరోస్మాన్‌ది.
వచ్చేటప్పుడు కేబిన్‌లో ముగ్గురు.
సరుకు దించి, ఖాళీ బండి తూచుకుని పోయేటప్పుడు
ఒక్కడే.
హెబెర్, మిల్టన్ గుట్ట దగ్గరే దిగి
కంచె సందులోంచి నడిచి రోడ్డు మీద ఎక్కుతారు.
"కాళ్ళు సాగదీసుకోవాలి కదా సుల్మా" అనేవాడు ఓరోస్మాన్,
నా కళ్ళలోకి చూడకుండా.

ఒక వాన రోజు ఇద్దరూ దిగలేదు.
ఖాళీ బండి నూట అరవై కిలోలు ఎక్కువ తూగింది.

అప్పుడు తెలిసింది.
రోజుకి మూడు ట్రిప్పులు, ట్రిప్పుకి ఇద్దరు మనుషులు
చెత్త కింద అమ్ముడుపోతున్నారు.
చీటీలన్నిటి మీదా సంతకం నాదే.

మా తాత ఉన్ని అమ్మేవాడు.
మట్టికింత, జిడ్డుకింత, గొర్రె చెమటకింత అని
షావుకారు తరుగు తీసేవాడు.
తాత ఇంటికొచ్చి గోడతో పోట్లాడేవాడు.
ఇక్కడ లెక్క తిరగబడింది:
మనిషికింత అని కలుపుతున్నారు.

మేనేజరుకి చెప్పాను.
"కాటా అబద్ధం చెప్పదు కదా" అన్నాడు.
నిజమే.
కాటా ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

ఆగస్టులో హెబెర్ రావడం మానేశాడు.
ఎవరి ఇంటి సంచిలోనో సూది, చేతి తొడుగు దాటి లోపలికి దిగిందట.
పరీక్షలట. ఇంకా పరీక్షలట.
ఆ వారం పదిహేడో బండి ట్రిప్పుకి ఎనభై కిలోలు తక్కువ తెచ్చింది,
ఎవరికీ తెలియలేదు.
చెత్త రోజూ ఒకేలా ఉండదుగా,
ఎనభై కిలోలంటే ఓ తడిసిన పరుపు,
ఓ పాత కుర్చీల జత.
నాకు తెలుసు. అతను రోజూ కిటికీ తట్టి
చలికి ఎర్రబడ్డ వేళ్ళతో నా చాక్లెట్ డబ్బాలో చెయ్యి పెట్టేవాడు.

రిజిస్టర్లో రిమార్కుల గడి ఉంటుంది.
టైరు పంక్చరు, చక్రానికి బురద, వాన అని రాస్తాం.
అందులో రాశాను: హెబెర్ రాలేదు.
మర్నాడూ రాశాను.
ఎవరూ చదవలేదు, ఎవరూ కొట్టెయ్యలేదు.

సెప్టెంబర్ మొదట్లో కొత్త కుర్రాడొచ్చాడు.
బక్కపలచన, మహా అయితే అరవై.
గుట్ట దగ్గర మిల్టన్ దిగాడు,
కుర్రాడు దిగలేదు.
పలక మీద బండి ఆగింది.
ఓరోస్మాన్ ఏదో గొణుగుతున్నాడు,
మోచేత్తో పొడుస్తున్నాడు.
"చలిగా ఉంది, ఇక్కడే కూర్చుంటా" అంటున్నాడు కుర్రాడు,
ఏమీ తెలియక.

వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతున్నాయి.
అంకె కుదురుకుంది.
చీటీ చింపకుండా కాసేపు అలాగే
దాన్ని చూస్తూ కూర్చున్నాను.