నా పిచ్చికి గంటకు నలభై డాలర్లు

డులూత్ పోలీస్ స్టేషన్ రెండో అంతస్తులో
బల్లలన్నీ గోడవారకి జరిపి
నేలమీద తెల్ల టేపుతో ఒక వంటగది గీశారు.
ఇది పొయ్యి, ఇది సింకు, ఇదిగో తలుపు.
కత్తికి బదులు చెక్క గరిటె నా చేతిలో పెట్టారు.
ఈ పూట నా పని పిచ్చెక్కడం.

ఉద్యోగం ఒకటే, వచ్చేది ఐదుగురు.
పేపర్లో ప్రకటన పడింది:
మనసు చెదిరినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే పోలీసు కావలెను,
నలభై గంటల శిక్షణ పొందినవారై ఉండవలెను,
మంచులో బండి నడపడం రావలెను.
నాకు మాత్రం ఏ శిక్షణా అక్కర్లేదట.
"నీకు అనుభవం ఉందిగా వేన్" అంది సార్జెంట్ మోర్టెన్సన్,
నా మొహం కాకుండా నా ఫైలు చూస్తూ.

ఉంది.
పదమూడేళ్ళ కిందటి ఫిబ్రవరి, శనివారం.
సరస్సు గడ్డకడుతూ మూలుగుతున్న రాత్రి.
గోడలో ఎవరో నా పేరు తప్పు పలుకుతుంటే
సరిదిద్దుదామని సుత్తి తీశాను.
కిందింటావిడ ఫోన్ చేసింది.
ముగ్గురొచ్చారు. ఆరు బూట్లు.
పడెయ్, పడెయ్, పడెయ్ అన్నారు.
దేన్ని? సుత్తినా, గోడనా, నన్నా?
అడిగేలోపే మణికట్టు విరిగింది.
ఇప్పటికీ మంచు పడబోతుంటే
టీవీలో చెప్పేవాడికన్నా ముందు దానికే తెలుస్తుంది.

మొదటివాడు ట్రెంట్ స్కోగ్లండ్.
తలుపు గీసి ఉందని చూసుకోలేదు,
సింకులోంచి నడిచి వచ్చేశాడు.
రెండో ఆయన కార్డు బట్టీపట్టాడు:
"మీ బాధ నాకు అర్థమవుతోంది"
నేనింకా నోరు విప్పందే.
మూడో అతను మంచివాడు. నిజంగా మంచివాడు.
కానీ చెయ్యి మాటిమాటికీ నడుం దగ్గరికి పోయి
ఖాళీ తోలు ఒరని తడుముకుని వస్తోంది,
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు.

నాలుగో మనిషి పా హువా షోంగ్.
లేని తలుపు ముందు ఆగింది.
వేలి కణుపులతో గాలిని రెండుసార్లు కొట్టింది.
నేను అరిచాను. ఒప్పుకున్న ప్రకారం, గట్టిగానే.
ఆమె టేపుకి అవతలే
చలిగచ్చు మీద చతికిలబడి
బూటు లేసు సవరించుకుంటూ, తలెత్తకుండా అంది:
"ఏదో టకటకమంటోంది. మీకూ వినిపిస్తోందా?"

హీటర్ పైపు.
పొద్దుటినుంచి కొట్టుకుంటూనే ఉంది.
నేనే ఎవరికీ చెప్పలేదు.
నాలాంటివాడు చప్పుడు వినిపిస్తోందంటే
జనం చూసేది గోడవైపు కాదు.

తర్వాత చాలాసేపు ఆమె ఏమీ అనలేదు.
ఆ తర్వాత, "నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

స్క్రిప్టులో రెండో పేజీలో నేను గరిటె విసరాలి.
పేజీ గుర్తు రాలేదు.
"నాలుగు రాత్రులు" అన్నాను.
అది స్క్రిప్టులోది కాదు. ఆ ఫిబ్రవరిది.
అడిగినవాళ్ళు లేక
పదమూడేళ్ళు నా దగ్గరే ఉండిపోయిన జవాబు.

ఐదో మనిషి రాలేదు.

మార్కుల కాగితం ఇచ్చారు.
స్పష్టమైన ఆదేశాలు ఇచ్చారా? లేదు.
పరిస్థితి అదుపులోకి రావడానికి పట్టిన సమయం?
ట్రెంట్‌కి రెండున్నర నిమిషాలు.
ఆమెకి పంతొమ్మిది.
కాగితం లెక్కన ట్రెంటే గెలుస్తాడు.
అంచున కాస్త తెల్లజాగా ఉంటే
"తలుపు తట్టింది" అని రాసి, కింద గీత గీశాను.

"డ్యూటీ ఏ వేళల్లో?" అడిగాను.
"తొమ్మిది నుంచి ఐదు. సోమ నుంచి శుక్ర.
ఈ బడ్జెట్‌కి అంతే వచ్చింది" అంది సార్జెంట్,
సిగ్గుపడింది కూడా, పాపం.
నా శనివారం గుర్తొచ్చింది, ఊరుకున్నాను.

నలభై డాలర్లు లెక్కపెట్టి గరిటె తిరిగిచ్చాను.
ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని
వంటగదిని ఊడబీకి ఉండ చుడుతున్నాడు.
మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.
"సార్జెంట్, ఆ పైపు చప్పుడు చేస్తోంది.
ఎవరినైనా పిలిపించండి" అన్నాను.
ఆమె పెన్ను తీసి రాసుకుంది.