బాణం కిందికి

మూడు నెలలు ఆ వాసన నాదే అనుకున్నాను.

గరివిడిలో పశువుల డాక్టర్ల కాలేజీ, ల్యాబులో ఉద్యోగం.
పేడా, దాణా, ఫినాయిలూ
సాయంత్రానికి చీర కుచ్చిళ్ళలో ఎలాగూ చేరతాయి.
ఏసీ వెయ్యగానే మెల్లగా లేచేది:
తడిసి ఆరని గోనె, ముక్కిన బియ్యం,
ఎక్కడో దాక్కున్న ఎలుక.
పొద్దున్న కూడా ఉండేది.
నా ఒంట్లోకే ఇంకిపోయిందనుకున్నాను.

గుర్ల ఆఫీసు దగ్గర ఎక్కే ఆయన ఏమీ అనేవారు కాదు.
అద్దం నాలుగు వేళ్ళు దించేవారు.
ఆ నాలుగు వేళ్ళ సందు
ఎంత మాట!

సబ్బు మార్చాను.
కాలేజీలోనే స్నానం చేసి వేరే చీర కట్టుకుని బయల్దేరాను.
డాష్‌బోర్డు మీద మల్లెల జెల్ డబ్బా,
సీటు కింద కోసిన నిమ్మకాయ.
గోనెసంచీకి పూలదండ వేసినట్టయింది.
వెనక సీట్లో వచ్చే సత్యవేణి
బస్సు పాసు తీసుకుంది. కారణం నేనడగలేదు.

ఆయన సెలవు పెట్టిన రోజు
నెల్లిమర్ల వంతెన ఇవతల రేకుల షెడ్డు దగ్గర
వైపర్ బ్లేడు కోసం ఆగాను.
మెకానిక్ పేరు తవుడు. నిజంగా అదే పేరు.
తలుపు తీసి, వంగి, ఒక్కసారి పీల్చి,
"ఫిల్టరెప్పుడు మార్చీనారమ్మా?" అన్నాడు.

ఏ ఫిల్టరు?

అతను నవ్వలేదు.
గ్లవ్ బాక్సు ఖాళీ చేయించాడు:
టోలు చీటీలు, ఆర్సీ కాపీ, సిరంజి మూతలు,
నిరుడు పోయిందని ఏడ్చిన ఒంటి చెవిదిద్దు.
రెండు పక్కలా నొక్కి
పెట్టెను దవడలా కిందికి వేలాడేశాడు.
లోపల సన్నటి తలుపు.
ముందు ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు,
తరవాతే లాగాడు.

మడతలు మడతలుగా వచ్చింది,
విసనకర్రని పొయ్యిలో పొర్లించినట్టు.
గనుల నల్లపొడి, రైస్ మిల్లు ఊక,
బంగారు రంగు పోని జనపనార పోగులు,
తొలకరి ఉసిళ్ళ రెక్కలు గుప్పెడు,
సగం వేపాకు,
ఎలుక కట్టబోయి మానేసిన గూడు.
నేను రోజూ దాటిన దారంతా
దాటకుండా ఇక్కడే ఉంది.

"దులిపి మళ్ళీ పెట్టకూడదూ?" అన్నాను,
మూడొందల యాభై ఎందుకని.
"పెట్టొచ్చు. ఎవుడో ఒకడు దులపాల గదమ్మా.
దులిపినోడు పీల్చుకుంటాడు."
కాసేపు ఆగి,
"మా నాన్న జూట్ మిల్లులో నార దులిపీవోడు."
అంతే. మిగతాది చెప్పకుండా
స్పానర్ వెతుక్కున్నాడు.
ఈ పనికి స్పానర్ అక్కర్లేదు.

కొత్తది తెల్లగా ఉంది,
బడి తెరిచిన రోజు నోటుబుక్కులా.
పక్కన బాణం గుర్తు.
"ఇది కిందికుండాల. తిరగేసి పెడితే గాలికి ఎదురీత."
బాల్ పెన్నుతో అంచు మీద తేదీ వేశాడు, దాని పక్కన పేరు.
నేను అడగలేదు. అడుగుతారని అలవాటు కాబోలు,
తనే చెప్పాడు:
"నా ముందు ఇద్దరు నిలవనేదు.
నన్ను మంత్రసానికిచ్చీసి
సేటడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది మాయమ్మ."

ఊదితే పోయేదాని పేరు పెడితే
ఊపిరి నిలిచింది.

ఏసీ వేశాను.
ఏ వాసనా లేదు.
నా చీర కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను:
కొంచెం పేడ, కొంచెం నేను.
ఇంతేనా, అనిపించింది.
ఇంతకేనా.

మర్నాడు సాయంత్రం గుర్లలో ఆయన ఎక్కారు.
వేలు అలవాటుగా అద్దం బటన్ మీదికి వెళ్ళి
అక్కడే ఆగింది.
చెప్పడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను:
ఎలుక గూడు, బాణం, మూడొందల యాభై.

చెప్పలేదు.
రేకుల షెడ్డు దాటి, వంతెన దాటి,
ఊళ్ళోకి వచ్చేదాకా
ఆ వేలిని
బటన్ మీదే ఉండనిచ్చాను.